ఛాసిస్ లోపలి తుప్పు: ముందు కడగాలి, ఆరబెట్టాలి, ఆ తర్వాతే మందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 2010 మోడల్ స్కార్పియో, భీమిలిలో సముద్రానికి కిలోమీటరు లోపే ఇల్లు. కింద పడుకుని చూస్తే ఛాసిస్, అంటే బండి బరువు మోసే ఇనుప చట్రం, బయటంతా నల్లగా బాగానే ఉంది. కానీ లాంగ్ మెంబర్ (ఛాసిస్‌లో బండి పొడవునా వెళ్ళే దూలం) పక్క రంధ్రంలో వేలు పెట్టి లాగితే గుప్పెడు ఎర్ర పెచ్చులు రాలాయి. గ్యారేజీవాళ్ళు అండర్‌బాడీ కోటింగ్ కొట్టిస్తే సరిపోతుందన్నారు. మీ మావయ్యగారు కాలిన ఇంజన్ ఆయిల్ పోయమన్నారు. మీరేమో తుప్పుని మార్చే యాసిడ్ మందు రంధ్రాల్లోంచి పోస్తే ఎలా ఉంటుందని అడుగుతున్నారు.

మూడూ వద్దండి. ముందు లోపలి వదులు తుప్పు రాల్చాలి. తర్వాత ఉప్పు పోయేదాకా మంచినీళ్ళతో కడగాలి. కనీసం మూడు రోజులు ఆరబెట్టాలి. అప్పుడు కేవిటీ వాక్స్, అంటే మూసిన భాగాల లోపలికి కొట్టే మైనం మందు, పల్చగా పాకేది ఒక కోటు, వారం ఆగి చిక్కటిది ఇంకో కోటు కొట్టాలి. లోపల పెయింటు వద్దు, తారు వద్దు. అడుగున ఉండే నీళ్ళ రంధ్రాలు ఎప్పటికీ తెరిచే ఉండాలి. అయితే ఇదంతా ఛాసిస్‌లో ఇంకా బలం మిగిలి ఉంటేనే, కాబట్టి మొదటి పని పరీక్ష. దాని సంగతి కింద రాస్తాను.

నేను విశాఖ ఆటోనగర్‌లో 26 ఏళ్ళుగా టింకరింగ్, ఛాసిస్ పనులు చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే తుప్పు బళ్ళలో ఎక్కువ భాగం హార్బర్ బళ్ళు, బీచ్ రోడ్డు వైపు ఇళ్ళవాళ్ళవి. రంగు పైపైన పోయిన బండిని బాగుచేయడం తేలిక. లోపల్నుంచి తినేసిన బండి యజమాని మొహం చూడటమే కష్టం, ఎందుకంటే అప్పటిదాకా ఆయనకి ఏమీ కనపడలేదు. మీరు వేలు పెట్టి చూశారు కాబట్టి టైముకే పట్టుకున్నారు.

ముందు లోపల ఎందుకు తుప్పు పడుతుందో చూడండి

పాత జీపుల్లో లాంగ్ మెంబర్ చాలా చోట్ల ఒక పక్క తెరిచి ఉన్న కాలవలా ఉండేది. బురద పట్టినా కనిపిస్తుంది, బ్రష్షు అందుతుంది, గాలి తగులుతుంది. తర్వాత వచ్చిన బళ్ళలో నాలుగు వైపులా మూసిన డబ్బా చేశారు. మెలి తిరిగే ఒత్తిడికి డబ్బా చాలా గట్టిగా నిలబడుతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ ఫ్యాక్టరీలో పెయింటు తొట్టిలో ముంచినప్పుడు డబ్బా లోపలి మూలలకి, రెండు రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కిన అతుకుల మధ్యకి పెయింటు సరిగా పోదు. ఆ అతుకుల్లోనే నీళ్ళు నిలుస్తాయి.

దానికి మన సముద్రపు గాలి తోడైంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీసి వదిలేస్తే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీళ్ళు లాక్కుని కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో దానితోపాటు మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు. మన తీరంలో గాలి తేమ అంతకన్నా తగ్గే రోజులు ఎన్నుంటాయి చెప్పండి? అంటే ఒకసారి ఉప్పు లోపలికి చేరిందంటే, మీరు బండిని నెలరోజులు షెడ్డులో పెట్టినా ఆ డబ్బా లోపల పూర్తిగా ఆరదు. పైగా ఉప్పు తుప్పు పట్టించే పనిలో ఖర్చయిపోదు, అక్కడే ఉండి మళ్ళీ మళ్ళీ అదే పని చేస్తుంది. అందుకే నేను మందు కన్నా కడగడం గురించి ఎక్కువ మాట్లాడతాను.

పాడేరు కొండల్లో తిరిగిన ఒక పాత జీపు నా దగ్గరికి వచ్చింది. మూసిన భాగాల్లో ఎర్రమట్టి గట్టిపడి ఇటుకలా కూర్చుంది. పొడుగాటి ఊచతో పొడిచి, నీళ్ళు కొట్టి ఆ మట్టంతా తీస్తే లోపల ఇనుము పైపైన ఎర్రబారిందే తప్ప మందం తగ్గలేదు. అదే ఏడాది హార్బర్ నుంచి ఐసు, చేపల పెట్టెలు తోలే పికప్ ఒకటి వచ్చింది. వయసు తొమ్మిదేళ్ళే. పెట్టెల్లోంచి కారిన ఉప్పు నీళ్ళు క్యాబిన్ వెనక నుంచి ఛాసిస్‌లోకి రోజూ దిగాయి. దానికి అంతకు రెండేళ్ళ ముందు ఎక్కడో దట్టంగా నల్ల కోటింగ్ కొట్టించారు. కొట్టినవాళ్ళు అడుగు రంధ్రాలు కూడా పూడ్చేశారు. నేను స్క్రూడ్రైవర్‌తో ఒక రంధ్రం పొడవగానే తుప్పు రంగు నీళ్ళు ధారగా కారాయి, బకెట్ పెడితే అడుగు నిండింది. నాలుక చివర తాకించి చూశాను, ఉప్పగా ఉంది. ఆ బండి లాంగ్ మెంబర్ కింది రేకు బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. బయట కోటింగ్ మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది.

అండర్‌బాడీ కోటింగ్ వద్దన్నది అందుకే. దాన్ని నేను చెడ్డదనను, బయట రాళ్ళ దెబ్బకి అది రక్షణ. కానీ మీ జబ్బు లోపలిది. లోపల తడి ఉండగా బయట మూత వేస్తే రంధ్రాలు మూసుకుపోతాయి, రేపు చూడాలన్నా ఏమీ కనపడదు.

కాలిన ఆయిల్ సంగతి

మీ మావయ్యగారి మాట పూర్తిగా తీసిపారేసేది కాదు. పాత లారీలకి డ్రైవర్లు ఇదే పూసేవారు, ఏమీ పూయనిదానికన్నా అది నయమే. కానీ వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో ఇంజన్ మండించిన మసి, ఆమ్లాలు, తడి అన్నీ ఉంటాయి. తుప్పుని ఆపడానికి కలిపిన మందులు అప్పటికే అరిగిపోయి ఉంటాయి. అది జారి సస్పెన్షన్ బుష్‌ల మీద, బాడీకి ఛాసిస్‌కి మధ్య ఉండే రబ్బర్ల మీద పడితే అవి ఉబ్బి మెత్తబడతాయి. వానకి కొట్టుకుపోయి మీ వాకిట్లో నేలలోకి, ఆపైన మీ బావిలోకే దిగుతుంది. డీజిల్ వాష్‌దీ ఇదే కథ. సర్వీసింగ్‌లో డీజిల్ కొట్టగానే నల్లగా మెరుస్తుంది, వారానికి దుమ్ము పట్టి ముద్దవుతుంది, రబ్బర్లు పాడవుతాయి.

యాసిడ్ మందు ఎందుకు పోయకూడదు

ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న మందు పల్చటి తుప్పు మీద బ్రష్షుతో రాస్తే మంచి పనే చేస్తుంది, తుప్పుని ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. టానిన్ ఉన్నవి రాస్తే తుప్పు నీలి నలుపుగా మారుతుంది, అవీ పనికొస్తాయి. ఇవన్నీ కంటికి కనిపించి, చేతికి అంది, తర్వాత తుడవగలిగే చోట్లకి. డబ్బా లోపల పెచ్చులు పొరలు పొరలుగా ఉంటాయి. మందు పై పొరనే తాకుతుంది, కింద ఇనుము దగ్గర తుప్పు అలాగే ఉంటుంది. మిగిలిపోయిన యాసిడ్ అతుకుల మధ్యకి దిగితే మీరు దాన్ని బయటికి తీయలేరు, అక్కడ మంచి ఇనుముని తింటుంది. నేను షాపులో డబ్బా లోపలికి ఇవి పోయడం పూర్తిగా మానేశాను.

లోపల పెయింటు కొట్టేవాళ్ళూ ఉన్నారు. కొత్త ఛాసిస్‌కో, ఇసుక బ్లాస్టింగ్ (ఇసుకని గాలితో బలంగా కొట్టి తుప్పు తీయడం) చేయించి శుభ్రంగా తీసిన ఛాసిస్‌కో అది బాగుంటుంది. మీలాంటి బండిలో పెయింటు వదులు తుప్పు మీద కూర్చుంటుంది, ఆ తుప్పుతోపాటే ఊడిపోతుంది. వాక్స్ అలా కాదు. గట్టిపడి పగలదు, సందుల్లోకి పాకుతుంది, ఏడాదికోసారి దాని మీదే మళ్ళీ కొట్టొచ్చు.

పరీక్ష: మందు కొనే ముందు ఇది చేయండి

బండిని సమతలం మీద స్టాండ్ల మీద నిలబెట్టండి. ఒట్టి జాకీ మీద పెట్టి కిందకి దూరొద్దు. చిన్న సుత్తి తీసుకుని లాంగ్ మెంబర్ ముందు నుంచి వెనక దాకా జానెడుకో దెబ్బ చొప్పున తట్టుకుంటూ వెళ్ళండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. సన్నబడిన చోట శబ్దం బొద్దుగా, పగిలిన కుండ తట్టినట్టు వస్తుంది. అలాంటి చోట సుద్దముక్కతో గీత పెట్టుకోండి. గీతలు పెట్టిన చోట్ల పదునైన స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కండి. దిగబడితే వాక్స్ గురించి మర్చిపోండి, అది వెల్డింగ్ పని.

ముఖ్యంగా చూడాల్సింది వెనక చక్రాల మీదుగా ఛాసిస్ పైకి వంపు తిరిగి మళ్ళీ దిగే చోటు. ఆ వంపుకి ముందు పల్లంలో మట్టి, నీళ్ళు, రాలిన పెచ్చులు అన్నీ వచ్చి చేరతాయి. దాని తర్వాత అడ్డంగా ఉండే దూలాలు, అంటే క్రాస్ మెంబర్లు, లాంగ్ మెంబర్‌ని కలిసే మూలలు, బాడీ రబ్బర్లు కూర్చునే బ్రాకెట్లు, స్టీరింగ్ బాక్స్ బిగించిన చోటు.

లోపల చూడటానికి మొబైల్‌కి తగిలించే గొట్టం కెమెరా కొనండి. దీపం దాని తలకే ఉంటుంది, వెయ్యి రూపాయల అటూ ఇటూలో దొరుకుతుంది. రంధ్రంలోంచి దూర్చి మెల్లగా వీడియో తీసుకుంటూ లాగండి. పొడి పొడిగా ఎర్రటి పూత కనిపిస్తే భయం లేదు. అట్టు మీద అట్టు పేర్చినట్టు పెచ్చులుంటే ఇనుము మందం తగ్గిందని లెక్క. ఆ పెచ్చుల మందం చూసి మాత్రం కంగారు పడకండి, తుప్పు తను తిన్న ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. గుప్పెడు పెచ్చులు రాలాయంటే గుప్పెడు ఇనుము పోయిందని కాదు.

ఈ పని చేస్తూ ఛాసిస్ నంబరు పంచ్ చేసిన చోటుని గ్రైండర్‌తోగానీ, గట్టి వైరు బ్రష్షుతోగానీ ముట్టుకోకండి. మీ బండికి 15 ఏళ్ళు దాటాయి, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఆ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ ప్రింటు తీస్తారు. అక్షరాలు అరిగిపోతే ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. అక్కడ కిరసనాయిల్‌తో, పాత పళ్ళ బ్రష్షుతో శుభ్రం చేసి పల్చగా గ్రీజు రాసి వదిలేయండి.

వదులు తుప్పు రాల్చడం

పాత క్లచ్ కేబుల్ లోపలి వైరు మూరెడు ముక్క తీసుకోండి. ఒక చివర నాలుగు వేళ్ళ మేర పురి విప్పి చీపురులా చేయండి. రెండో చివర డ్రిల్లు మెషిన్‌కి బిగించి, విప్పిన చివర రంధ్రంలోకి దూర్చిన తర్వాతే మెల్లగా తిప్పండి. అది లోపల గోడలకి కొట్టుకుంటూ పెచ్చులు రాలుస్తుంది. బయటికి తీసే ముందు డ్రిల్లు ఆపాలి. తిరుగుతున్న వైరు బయటికొస్తే కొరడాలా కొడుతుంది. నా దగ్గర పనిచేసే కుర్రాడి ముంజేతి మీద ఆ గీత ఇప్పటికీ ఉంది. కళ్ళద్దాలు, మందపాటి చేతితొడుగులు, మూతికి మాస్కు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

ఛాసిస్‌కి లోపలి పక్కన బ్రేకు పైపులు, డీజిల్ పైపులు, వైరింగు వెళ్తుంటాయి. ఏ రంధ్రంలో దేన్ని దూరుస్తున్నామో ముందు చూసుకోవాలి. పనిలో పనిగా ఆ బ్రేకు పైపులని కూడా తడిమి చూడండి, పొక్కులు తగిలితే వాటిని మార్చడం అన్నిటికన్నా ముందు.

రాలిన పెచ్చులని కంప్రెసర్ గాలితో ఒక వైపు నుంచి ఊది, ఇంకో వైపు వాక్యూమ్ గొట్టం పెట్టి లాగండి. వంపు దగ్గర పల్లంలో మిగిలిన పొడికి, కర్రకి కట్టిన అయస్కాంతం బాగా పనికొస్తుంది. మొదటిసారి చేసినప్పుడు ఒక్కో వైపు నుంచి కిలో, కిలోన్నర పొడి తీసిన బళ్ళున్నాయి.

కడగడం: మీ బోరు నీళ్ళు వద్దు

మీ ప్రశ్నలో ఒక చిన్న మాట రాశారు, బండిని ప్రతి ఆదివారం ఇంటి బోరు నీళ్ళతో కడుగుతానని. నాకు అసలు జబ్బు అక్కడే ఉందనిపిస్తోంది. సముద్రానికి అంత దగ్గర బోర్లలో చాలావాటికి ఉప్పు తగులుతుంది. వారం వారం శ్రద్ధగా బండి కింద ఉప్పు నీళ్ళు కొడుతున్నారన్నమాట.

నీళ్ళలో కరిగిన లవణాలు చూపించే టీడీఎస్ మీటరు, ఆర్వో ఫిల్టర్లు బాగుచేసేవాళ్ళ దగ్గర ఉంటుంది, కొన్నా కొన్ని వందల్లోనే వస్తుంది. మీ బోరు నీళ్ళు కొలవండి. తాగే నీళ్ళకి మన దేశ ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. ఛాసిస్ లోపల కడగడానికి నేను 500 దాటిన నీళ్ళు వాడను. పంపు నీళ్ళో, ట్యాంకరు మంచినీళ్ళో తెప్పించుకోండి, రెండు మూడొందల లీటర్లు సరిపోతాయి.

ఆ మీటరుకి ఇంకో ఉపయోగం ఉంది, ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. లోపలికి కొట్టే నీళ్ళని కొలవండి, అడుగు రంధ్రంలోంచి కారేవాటిని గ్లాసులో పట్టి మళ్ళీ కొలవండి. ఒక బీచ్ రోడ్డు బండిలో లోపలికి వెళ్ళేవి 180 ఉంటే, మొదటిసారి బయటికొచ్చినవి 2600 చూపించాయి. రెండోసారి 1100. నాలుగోసారి కడిగాక 240కి వచ్చింది. రెండు అంకెలూ దాదాపు కలిసేదాకా కడగాలి. రంగు చూసి మోసపోవద్దు, నీళ్ళు తేటగా వస్తున్నా ఉప్పు ఉండొచ్చు.

ప్రెషర్ వాషర్‌కి కాలవలు కడిగే గొట్టం అని దొరుకుతుంది, దాని ముక్కుకి వెనక్కి చిమ్మే రంధ్రాలుంటాయి. దాన్ని దూర్చి నీళ్ళు వదిలితే తనే ముందుకి పాకుతుంది, లాగేటప్పుడు మట్టిని వెనక్కి ఈడ్చుకొస్తుంది. అది లేకపోతే మామూలు తోట గొట్టమే ప్రతి రంధ్రంలో పదేసి నిమిషాలు పెట్టండి. గ్రీజు, నూనె ముద్దలుంటే గోరువెచ్చని నీళ్ళలో కారు షాంపూ కలిపి మొదట ఒకసారి కొట్టండి. బట్టల సోడా, ఫినాయిలు లాంటివి వద్దు. అన్నీ అయ్యాక బండి ముందు చక్రాలు ఎత్తు మీద ఉండేలా ఒక పూట, వెనక చక్రాలు ఎత్తు మీద ఇంకో పూట నిలబెడితే మిగిలిన నీళ్ళు దిగిపోతాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు విజయవాడ నుంచి తెలిసినవాళ్ళ బళ్ళు రెండు పంపారు. వాటిలో ఉప్పు సమస్య లేదు, కానీ లాంగ్ మెంబర్లలో మెత్తటి ఒండ్రు దట్టంగా పేరుకుంది. ఒండ్రు తడిని నెలల తరబడి పట్టుకుంటుంది. ఇంజను, సీట్లు అన్నీ బాగుచేయించి ఛాసిస్ లోపల మాత్రం చూడని బళ్ళు అక్కడ ఇంకా తిరుగుతూనే ఉంటాయి. వరదలో మునిగిన బండి ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, మీరు కడగడం ఒక్కటైనా వెంటనే చేయించండి.

ఆరబెట్టడం: అందరూ ఇక్కడే తొందరపడతారు

నేనూ తొందరపడ్డాను. చాలా ఏళ్ళ కిందట, నవంబరులో, బండి యజమాని పెళ్ళికి వెళ్ళాలంటే కడిగిన మర్నాడు పొద్దున్నే వాక్స్ కొట్టిచ్చేశాను. ఏడాది తర్వాత కెమెరా పెట్టి చూస్తే వాక్స్ పొర కింద నీటి బుడగలు, ప్రతి బుడగ చుట్టూ ఎర్రటి వలయం. వాక్స్ నీళ్ళని లోపలే దాచిపెట్టింది. ఆయన బండిని పిలిపించి మొత్తం గీకి, మళ్ళీ నా ఖర్చుతోనే చేశాను.

అప్పటినుంచి నా పద్ధతి: కంప్రెసర్ గాలి ముందు, తర్వాత ఒక చివర నుంచి వేడి గాలి బ్లోయర్ రెండు గంటలు, ఆపైన రంధ్రాల మూతలన్నీ తీసి మూడు రోజులు ఎండలో. కంప్రెసర్ వాడే ముందు దాని ట్యాంకు అడుగు వాల్వు తిప్పి నీళ్ళు వదిలేయండి. మన తేమకి ఆ ట్యాంకులో రోజుకి గ్లాసుడు నీళ్ళు చేరతాయి, అది వదలకపోతే ఆరబెడుతున్నాననుకుంటూ లోపలికి నీళ్ళు చిమ్ముతారు.

వాక్స్ మధ్యాహ్నం రెండు మూడు గంటలకి కొట్టండి, ఇనుము చేతికి వెచ్చగా తగలాలి. పెయింటు పనిలో ఒక నియమం ఉంది, ఇనుము వేడి, గాలిలో తేమ నీటి చెమ్మగా పేరుకునే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలని. పొద్దున్నే ఛాసిస్ మీద కంటికి కనపడని చెమ్మ ఉంటుంది, ఆ టైములో వద్దు. కాలం చూసుకుంటే సంక్రాంతి తర్వాత నుంచి మే నెలలోపు పెట్టుకోండి. తుఫాను హెచ్చరికలున్న వారంలో బండి ఇప్పేయకండి.

వాక్స్ కొట్టడం

కేవిటీ వాక్స్ అని అడిగి కొనండి. డోర్ల లోపలికి, డబ్బా భాగాల లోపలికి వాడేదని దాని మీదే రాసి ఉంటుంది. అండర్‌బాడీ కోటింగ్ డబ్బా చేతిలో పెట్టి ఇదీ అదీ ఒకటే అంటారు, ఒప్పుకోవద్దు. పల్చటిది, చిక్కటిది రెండూ ఒకే కంపెనీవి తీసుకోవడం మంచిది. ఎండకి కారిపోనిదా అని అడిగి తెలుసుకోండి. మన వేసవిలో రోడ్డు వేడి, సైలెన్సర్ వేడి కలిసి తక్కువరకం వాక్స్‌ని కరిగించి నేలపాలు చేస్తాయి.

ముక్కు చుట్టూ అన్ని వైపులకీ చిమ్మే పొడుగాటి గొట్టం తప్పనిసరి. స్ప్రే గన్నుకి తగిలించేది మీటరు పైన పొడుగుంటుంది. స్ప్రే డబ్బాలకి రెండడుగుల గొట్టం వస్తుంది, దానితోనూ చేయొచ్చు కానీ మధ్యలో అందని చోట్లు మిగులుతాయి. గొట్టాన్ని అందినంత దూరం దూర్చి, ట్రిగ్గర్ నొక్కి, వెనక్కి లాగుతూ కొట్టాలి. సెకనుకి రెండు వేళ్ళ దూరం లాగితే చాలు. దూరుస్తూ కొట్టకండి, ముక్కు పెచ్చుల్లో కూరుకుపోయి మూసుకుంటుంది. లాగుతుంటే పక్క రంధ్రాల్లోంచి సన్నటి పొగలా తుంపర బయటికి రావాలి. ఏ రంధ్రంలోంచి రాలేదో దానికీ గొట్టం పెట్టిన రంధ్రానికీ మధ్య అడ్డు రేకు ఉందని అర్థం, అవతలి వైపు నుంచి మళ్ళీ కొట్టాలి.

వాక్స్ చిక్కగా ఉంటే డబ్బాని వేడినీళ్ళ బకెట్‌లో పావుగంట పెట్టండి. పొయ్యి మీద ఎట్టి పరిస్థితుల్లో వద్దు, అందులో మండే ద్రావకం ఉంటుంది. దగ్గర్లో వెల్డింగ్, బీడీ ఏదీ ఉండకూడదు. సైలెన్సర్ చల్లబడి ఉండాలి. బ్రేకు డిస్కులు, డ్రమ్ముల మీద ప్లాస్టిక్ సంచులు కట్టండి.

స్కార్పియో సైజు ఛాసిస్‌కి రెండు కోట్లకీ కలిపి నాకు మూడు నుంచి నాలుగు లీటర్లు పడుతుంది. లీటరుతో అయిపోయిందని ఎవరైనా అంటే లోపల సగం తడవలేదనే లెక్క. రెండు రోజులు బొట్లు బొట్లుగా కారుతుంది, కింద అట్టముక్కలు పరవండి. కారడం ఆగాక ఒక మేకు తీసుకుని అడుగు రంధ్రాలన్నీ ఒక్కొక్కటే పొడిచి తెరవండి. రబ్బరు మూతలు పక్క రంధ్రాలకి పెట్టుకోండి, అడుగువాటికి వద్దు.

వెల్డింగ్ అవసరమైన చోట్లుంటే అది వాక్స్‌కి ముందే అయిపోవాలి. బ్యాటరీ తీగలు విప్పాకే వెల్డింగ్ మొదలుపెట్టించండి. పట్టీ వేసేటప్పుడు దాని చివరలు లాంగ్ మెంబర్‌కి అడ్డంగా నిలువు గీతలా కాకుండా ఏటవాలుగా కోసినవి వేయమనండి. అడ్డంగా వెల్డ్ చేసిన గీత వెంబడే తర్వాత పగులు వస్తుంది. రెండు మూడు చోట్లకి మించి స్క్రూడ్రైవర్ దిగబడితే, ముఖ్యంగా స్టీరింగ్ బాక్స్ దగ్గరైతే, నేను పట్టీ వేయనని చెప్పేస్తాను. అలాంటి బండిలో పిల్లల్ని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు ఎక్కొద్దు.

మీ ప్రశ్న కిందే ఇంకొకాయన అమెరికా నుంచి అడిగారు, అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, తన ట్రక్కుకి ఇదే వర్తిస్తుందా అని. వర్తిస్తుందండి. అక్కడ ఇది ఎంత పెద్ద సంగతంటే, టకోమా, టండ్రా, సెకోయా బళ్ళ ఛాసిస్ తుప్పు మీద వేసిన దావాలో టొయోటా 2016లో రాజీకి వచ్చింది. సుమారు 15 లక్షల బళ్ళు, 340 కోట్ల డాలర్ల దాకా విలువ కట్టారు. మీకు అక్కడ గొర్రె ఊలు కొవ్వుతో చేసిన లానొలిన్ నూనె తేలిగ్గా దొరుకుతుంది. చలికాలం మొదలుకాకముందు ఏటా ఒకసారి కొట్టించండి, చలి పోయాక లోపల కడిగించండి.

మారుతిలాంటి చిన్న కార్లకి విడిగా ఛాసిస్ ఉండదు, వాటిలో డోర్ల కింద రన్నింగ్ బోర్డు డబ్బాలే ఆ పని చేస్తాయి. పద్ధతి ఇదే, రంధ్రాలు చిన్నవి, మందు తక్కువ పడుతుంది. డోరు అడుగు అంచున నీళ్ళు పోయే సన్నటి చీలికలు కూడా చూసుకోండి.

ఇంక మీ బండి విషయం. వచ్చే ఆరు నెలలకి ఒకసారి కెమెరా పెట్టి చూడండి, ఆ తర్వాత ఏడాదికోసారి చాలు. ఎక్కడైనా కొత్తగా ఎర్రబడితే ఆ చోటికి మాత్రం పల్చటి వాక్స్ మళ్ళీ కొట్టండి. బీచ్ ఇసుకలోకి దింపిన ప్రతిసారీ ఆ సాయంత్రమే మంచినీళ్ళతో కింద కడగండి. ఇప్పుడు ముందుగా బోరు నీళ్ళ టీడీఎస్ కొలవండి, వెనక చక్రం వంపు దగ్గర రెండు వైపులా కెమెరా వీడియో తీయండి. సుత్తితో తట్టినప్పుడు శబ్దం కూడా రికార్డు చేసి పెట్టండి. ఆ రెండూ చూశాక వాక్స్ కొనాలో, ముందు వెల్డర్ దగ్గరికి వెళ్ళాలో చెబుతాను.